శంకరవ్వ ఒడిబియ్యం

మస్కట్
6 అక్టోబరు 1995

కైలాసం మామకు అల్లుడు అంతయ్య శనార్తులు చేసి రాసేది.

నేను బాగనే ఉన్న. మీరు బాగలేరని తెలిసింది. ఎట్ల తెలిసిందంటవా? మా క్యాంపుల కోరుట్లాయన ఒకడున్నడు. సెలవు మీద ఇంటికి పోయొచ్చి, పదిమంది ముంగట బువ్వ తినుకుంట అడిగిండు: "అంతన్నా, మీ చెల్లె మొగడు కొమురెల్లి గల్ఫ్‌కు రాబోయి బొంబాయి మెడికల్ల తప్పిండట గద, ఎయిడ్స్ అట గద" అని. నా పక్కన కూసున్నోడు పళ్లెం పట్టుకొని అవతలికి జరిగిండు. నేను మస్కట్ల గోడలు కడుతుంటే అక్కడ నా ఇజ్జత్ కూలుతున్నది. ఒక్క ఫోన్ జెయ్యలేవా మామా?

ఇగ విను. చెల్లె శంకరిని మా ఇంటికి తోలుకరా. వద్దు, ఆగు. ముందు దానికి రక్తం పరీక్ష చేయించు, సాఫ్ ఉంటేనే తోలుకరా. మాఘంల దానికి అవ్వగారింటి ఒడిబియ్యం పోద్దమనుకున్న ముచ్చట బంద్. బాపు పోయినంక అవ్వ పోయరాదు, పోస్తే ఇంటి కోడలు లస్మియే పోయాలె. నా పెండ్లాం చెయ్యి దాని ఒడిల పడొద్దు. ఆ బియ్యం తీస్కపోయి వండి ఊరందరికి పెడ్తది, ఊరందరికి అంటుకుంటది, పేరు మాది. దోమ కుట్టినా వస్తదట, చెంబు ముట్టినా వస్తదట. ఇక్కడ అందరు అదే అంటున్నరు.

గీ ఉత్తరం అవ్వకు, లస్మికి చదివి వినిపియ్యకు. నీ మాటగ చెప్పు.

పరేషాన్‌ల ఉన్న
అంతయ్య


నిర్మల్
24 అక్టోబరు 1995

అంతయ్యకు మేనమామ కైలాసం ఆశీర్వదించి రాయునది. ఆశీర్వాదం ముందే రాసేశాను. చివరికి వచ్చేసరికి ఆ ఓపిక మిగులుతుందన్న నమ్మకం లేదు.

నీవు మాట్లాడినట్టే రాస్తావు. నేను బడి మొహం చూడక, మిర్చీలు కట్టిచ్చిన పేపర్లు చదివి అక్షరాలు నేర్చినవాణ్ని కనుక పేపరు భాషలో తిడతాను. తిట్టు మాత్రం మన ఇంటిదే.

ఫోను ఎందుకు చేయలేదన్నావు. నా సైకిల్ షాపు ఎదురుగానే ఎస్టీడీ బూత్ ఉంది. దానికి అద్దాల తలుపు ఉంది, గొళ్లెం లేదు. లోపల మనం "హలో" అంటే బయట బెంచీ మీది వాళ్లు "ఆ, చెప్పున్రి" అంటారు. మొన్న ఒకాయన దుబాయిలో ఉన్న కొడుకుతో బర్రె ఈనిందని చెప్పాడు. ఆయన బయటికి వచ్చేసరికి జున్నుపాల కోసం ముగ్గురు గిన్నెలు పట్టుకొని నిలబడ్డారు. అలాంటి చోట నీ చెల్లెలి సంసారం మాట్లాడమంటావా?

పోయిన ఆదివారం కొండగట్టు అవతల శంకరవ్వ అత్తగారి ఊరికి పోయి వచ్చాను. కొమురెల్లిని పశువుల కొట్టంలో కూర్చోబెట్టారు. కన్నతల్లి నీళ్లు పైనుంచి పోస్తున్నది, చెంబు తగలకుండా. వాడి పళ్లెం వేరు. చూస్తూ ఉండగా శంకరవ్వ వచ్చి ఆ పళ్లెంలోనే తన అన్నం కూడా పెట్టుకొని, కొట్టం వాకిట్లో వీధికి ఎదురుగా కూర్చొని తినడం మొదలుపెట్టింది. దారిన పోయేవాళ్లు నిలబడి చూస్తున్నారు. "లోపలికి పోయి తినరాదా బిడ్డా" అన్నాను.

"జూడనీ మామా. కండ్లు నొయ్యంగ జూడనీ" అన్నది.

అసలు సంగతి కొమురెల్లి చెప్పాడు. బొంబాయిలో చేతికి సూది గుచ్చి రక్తం తీశారట. రెండు రోజుల తరువాత పాస్‌పోర్టు చేతిలో పెట్టి "అన్‌ఫిట్" అన్నారట. ఎందుకని అడిగితే వెనకవాణ్ని పిలిచారట. కారణం ఏజెంటుకు చెప్పారు. ఏజెంటు జగిత్యాల బస్టాండులో చాయ్ తాగుతూ చెప్పాడు. చాయ్ హోటల్ నుంచి మంగలికి, మంగలి నుంచి ఊరికి. ఎవడి రక్తమో వాడికి మాత్రం చివరికి తెలిసింది, అదీ మంగలి గడ్డం గీయనన్నప్పుడు. దొంగకు కూడా నేరం చదివి వినిపించి శిక్ష వేస్తారు కదరా!

ఒక్క చోట తీసిన రక్తంతో తేలిపోదని, మళ్లీ చూపించాలని పేపర్లో చదివాను. ఇద్దరినీ వరంగల్ సర్కారు దవాఖానకు తీసుకుపోతున్నాను. నీవు ఆర్డరు వేశావని కాదు. శంకరవ్వ "మామా, నాకు తెలువాలె" అన్నందుకు. ఈ రెంటికీ తేడా నీకు ఎప్పటికి తెలుస్తుందో!

వాళ్లింట్లో శంకరవ్వ సర్వపిండి పెట్టింది. రెండు తిన్నాను.

మంట మీదున్న నీ మామ
కైలాసం


మస్కట్
10 నవంబరు 1995

మామకు అంతయ్య శనార్తులు.

నీకు నెత్తి పనిజేస్తున్నదా? వాళ్లింట్ల ఎందుకు తిన్నవు? నువ్వు గూడ రక్తం ఇయ్యి, నీది గూడ తెలువాలె. ఆ సంబంధం కుదిర్చింది నువ్వు, అందుకే వాళ్ల దిక్కు మాట్లాడుతున్నవు. నాకు తెలుసు.

నేనేమన్న చెల్లె మీద పగతోటి అన్ననా? దాని మంచికే. సాఫ్ వస్తే ఆ కొంపల ఒక్క దినం ఉంచకు, మా ఇంటికి తోలుకరా, ఇడుపుకాయితం రాయిద్దం. సాఫ్ రాకుంటే మాత్రం మా గడప తొక్కొద్దు. లస్మికి ఇద్దరు పిల్లలున్నరు.

మగోడన్నంక మంచిగుండాలె. నన్ను జూడు. బొంబాయిల మెడికల్ అయితే ఫిట్ అని ముద్దర గొట్టిండ్రు, ఆ కాయితం పెట్టెల భద్రంగున్నది. సిమెంటు బస్తా ఒంటిచేత్తోటి లేపుత. జబ్బున్నోడు మొఖం చూస్తెనే తెలుస్తడు.

మాఘం ముచ్చట మల్ల ఎత్తకు. గిది గూడ చదివి వినిపియ్యకు.

అంతయ్య


నిర్మల్
30 నవంబరు 1995

అంతయ్యకు,

ముందు సంగతి చెప్పి తరువాత తిడతాను. ఈ సంగతి రాయమని కొమురెల్లే తన నోటితో చెప్పాడు. లేకుంటే నీకు చెప్పే హక్కు నాకు లేదు, అడిగే హక్కు నీకూ లేదు.

వరంగల్లో రెండు వేరువేరు పరీక్షలు చేశారు. కొమురెల్లి రక్తంలో హెచ్.ఐ.వి. ఉంది. శంకరవ్వ రక్తంలో ఇప్పటికి కనిపించలేదు. "ఇప్పటికి" అన్న మాట డాక్టరమ్మది. కొత్తగా సోకితే కొన్నాళ్లదాకా పరీక్షకు దొరకదట. మూడు నెలలు ఆగి మళ్లీ రమ్మంది. నీవు సాఫ్ అని ఎగిరి గంతేయకు.

డాక్టరమ్మ చిన్నది, నా పెద్ద మనవరాలంత ఉంటుంది. తలుపు మూసి, ముందు కొమురెల్లికి ఒక్కడికే చెప్పింది. వాడు అడిగితేనే మమ్మల్ని లోపలికి పిలిచింది. నేను నీ ప్రశ్నలన్నీ నావి అన్నట్టు అడిగాను.

"దోమ కుడితే అమ్మా?"

"మలేరియా వస్తుంది పెద్దాయనా, ఇది రాదు."

"చెంబు ముట్టుకుంటే? ఒక్క పళ్లెంలో తింటే?"

"రాదు."

"వాళ్లింట్లో సర్వపిండి తింటే?"

"కారం ఎక్కువైతే కడుపు మండుతుంది" అని నవ్వింది. శంకరవ్వ కూడా నవ్వింది. బొంబాయి నుంచి మొగుడు వచ్చాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలనుకుంటాను.

తరువాత నవ్వు లేకుండా చెప్పింది. ఇది ఆడామగా కలిసినప్పుడు వస్తుంది. వాడిన సూది మళ్లీ గుచ్చితే వస్తుంది. చూడకుండా రక్తం ఎక్కిస్తే వస్తుంది. తల్లి నుంచి బిడ్డకు రావచ్చు. రక్తంలో ఉన్నంత మాత్రాన ఎయిడ్స్ అనరు. అది జబ్బు ముదిరినప్పటి పేరు, అందుకు ఏండ్లు పట్టవచ్చు. తుడిచిపెట్టే మందు ఇంకా రాలేదు కానీ దగ్గో జ్వరమో వస్తే దాచుకోకుండా రమ్మంది, వాటికి మందులున్నాయి. నిరోధ్ ప్యాకెట్లు ఇచ్చి, ఒక్కసారి కూడా మరవద్దని ఇద్దరికీ ఒక్కలాగే చెప్పింది. అప్పుడు నేను గోడ మీది క్యాలెండరు శ్రద్ధగా చదివాను.

"మొఖం చూస్తెనే తెలుస్తడు" అన్న నీ మాట కూడా అడిగాను. "ముఖం చూసి తెలిసేదైతే మాకు ఈ సూదులెందుకు? ఎద్దులా ఉన్నవాడిలోనూ ఉండొచ్చు" అంది. నీ సిమెంటు బస్తా గుర్తొచ్చింది.

అంతయ్యా, మన మగవాళ్ల ధైర్యం నాకు కొత్త కాదు. ఎమర్జెన్సీలో కుటుంబ నియంత్రణ జీపు కనిపిస్తే మీ ఊరి మగవాళ్లంతా జొన్నచేలలో పడేవారు. పటేలు కూడా పడ్డాడు. ఒకసారి వచ్చింది గింజలు పంచే జీపు. ఆడవాళ్లు వెళ్లి గింజలు తెచ్చుకున్నారు, మగవాళ్లు పొద్దు గూకాక జొన్నాకు గీరుకున్న ఒళ్లతో బయటికి వచ్చారు. మొన్న దవాఖానలో అదే చూశాను. శంకరవ్వ చెయ్యి చాపి "తియ్యి" అంది. కొమురెల్లి కండ్లు గట్టిగా మూసుకున్నాడు.

నీవన్న విడాకుల కాగితం సంగతి శంకరవ్వను అడిగాను. అడిగినందుకు నాకు పడ్డాయి. "ఎట్లొచ్చిందో నేనడిగిన, ఆయన చెప్పిండు, నేను తిట్టిన, ఆయన ఏడ్చిండు. అయిపోయింది. గది మా ఇద్దరి లొల్లి. నడుమ మా అన్న ఎవ్వడు? ఒడిబియ్యం పోస్తరా పొయ్యరా, గది చెప్పున్రి. పొయ్యకుంటె నాకు అవ్వగారిల్లు లేదనుకుంట" అన్నది. అవ్వగారింటి నుంచి ఒడి నిండకపోతే ఆ ఊరు ఏమంటుందో నీకు తెలుసు. పుట్టినవాళ్లే వదిలేశారు, మనకెందుకంటుంది. రేపు ఆ పిల్లకు బావి దగ్గర నీళ్లు కూడా చేదనీయరు.

ఇక, నీ ఉత్తరాలు రెండూ మీ ఇంటికి పోయి అవ్వకూ లస్మవ్వకూ మొత్తం చదివాను. "వినిపియ్యకు" అన్న ముక్క రెండుసార్లు చదివాను. లస్మవ్వ కందులు చెరుగుతున్నది. చాట ఆపి, "మామా, గా ఫిట్ కాయితం ముచ్చట మల్లొకపారి సదువు" అన్నది. చదివాను. విని మళ్లీ చెరగసాగింది.

నా రక్తం కూడా అడిగావు కదా. నీకెందుకివ్వాలిరా!

కైలాసం


మస్కట్
19 డిసెంబరు 1995

మామకు,

శనార్తులు లేవు.

వద్దన్న ఉత్తరం ఆడోళ్ల ముంగట చదువుతవా? నువ్వు పెద్దమనిషివేనా? గా డాక్టరు మందే లేదన్నది గద, మరి అంటుకోదని ఎట్ల నమ్మకం జెప్తది? రేపు మా పిల్లలకు ఏమన్న అయితే నువ్వొచ్చి చూస్తవా?

ఆఖరి మాట. మార్చి ఆఖరుకు నాకు సెలవు. వస్తున్న. నేనొచ్చేసరికి లస్మి దానికి ఒడి నింపిందని తెలిస్తే లస్మి నా ఇంట్ల ఉండొద్దు, తన అవ్వగారింటికి పోవాలె. గిది చదివి వినిపియ్యి. గట్టిగ వినిపియ్యి.

అంతయ్య


నిర్మల్
12 ఫిబ్రవరి 1996

అంతయ్యకు,

గట్టిగా వినిపించమన్నావు, వినిపించాను. పక్కింటి బాలవ్వ గోడ ఎక్కి మరీ విన్నది, నీ ఖర్చు వృథా కాలేదు.

మీ అవ్వ భూమవ్వ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. "పైయేడు పోద్దాంలే లస్మీ, నా కొడుకు సంసారం ఖరాబైతది" అన్నది. లస్మవ్వ ఏమన్నదో చెప్పేముందు నా ఇంటిది, మీ అత్త సంగతి ఒకటి చెప్పాలి. ఆమె బతికి ఉన్నప్పుడు నాతో పోట్లాడితే అరిచేది కాదు, మెల్లగా మాట్లాడేది. ఆమె గొంతు తగ్గిందంటే నేను షాపుకు పోయి ఏదో ఒక సైకిల్ విప్పుకొని కూర్చునేవాణ్ని, విప్పాల్సిన అవసరం దానికి లేకపోయినా. ఆ రోజు లస్మవ్వ గొంతు అలాగే తగ్గింది. నేను తప్పించుకోవడానికి అక్కడ సైకిలు కూడా లేదు.

"అత్తా, పీట కడిగి పెట్టు" అన్నది. అంతే.

మాఘంలో మంచిరోజు చూసి చేశాం. పిలిచిన ముత్తైదువల్లో వచ్చింది బాలవ్వ ఒక్కతే, అదీ చూసి పోయి ఊరికి చెప్పాలి కనుక. శంకరవ్వ కొత్త చీర కట్టుకొని పీట మీద కూర్చున్నది. పక్కన కొమురెల్లి తల వంచుకొని కూర్చున్నాడు, ఎవరైనా లేచి పొమ్మంటే పోవడానికి సిద్ధంగా ఒక కాలు నేల మీదే పెట్టుకొని. పసుపు బియ్యం, కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు అన్నీ సిద్ధం. బాలవ్వ ఊరుకుంటుందా?

"లస్మీ, నీ మొగడు వద్దన్నడట గద?"

"మొగడు మస్కట్ల ఉన్నడు, మరదలు పీట మీద ఉన్నది. నువ్వు పోస్తవా, ముంత పట్టుకొని నిలబడ్తవా?"

"నాకెందుకమ్మా, పిల్లలు గలదాన్ని."

"నేను గొడ్రాలినా? జరుగు."

లస్మవ్వ దోసిళ్లతో పోసింది. దూరం నుంచి విసరలేదు. శంకరవ్వ ఒళ్లో చేతులు పెట్టి, బియ్యం సర్ది, కొంగు ముడి తానే వేసింది. ముడి వేస్తుంటే శంకరవ్వ ఆమె చేతులు పట్టుకొని వదల్లేదు. అన్నాళ్లుగా ఊరందరి ముందు పళ్లెం పట్టుకొని మొండిగా కూర్చున్న పిల్ల అక్కడ ఏడ్చింది. "ఏడువకు, బియ్యం తడుస్తయ్" అని లస్మవ్వ కసిరింది. తాను కూడా ఏడుస్తూనే.

తరువాత శంకరవ్వ ఆ బియ్యం తీసుకుపోయి తన ఊళ్లో వండి పిలిచింది. ఊరంతా వచ్చిందని రాస్తే నీవూ నమ్మవు, నేనూ నమ్మను. నేను తిన్నాను. మీ అవ్వ, లస్మవ్వ, నీ పిల్లలిద్దరూ తిన్నారు. ఆఖరున కొమురెల్లి తల్లి వచ్చి చాలాసేపు నిలబడి, ఒక ముద్ద తిని, చెయ్యి కడుక్కొని లోపలికి పోయింది. మిగిలింది మూడు కుండల అన్నం. ఆవులకు పెట్టాం. అంత అన్నంరా!

ఇక నీ భార్య నీకు రాయమన్నది. ఒక్క అక్షరం మార్చొద్దన్నది కనుక మార్చడం లేదు:

"ఇంట్ల ఉండొద్దని రాసినవు. గీ ఇల్లు అలికేది నేను, ఊడిసేది నేను, మీ అవ్వకు కాళ్లు నొస్తె పిసికేది నేను. నేనెటు పోత? నువ్వు రా. కాకపోతె ఫిట్ కాయితం ఉన్నదంటున్నవు. గది పోయేటప్పటి కాయితం. వచ్చేటప్పటిది యాడున్నది? మరదలు రక్తం అడిగినవు, మామ రక్తం అడిగినవు. ముందుగాల నీది ఇయ్యి. నాది గూడ ఇస్త, నాకేం భయం లేదు. నీ అసొంటోనికి పిల్లల్ని గని గిన్నేండ్లున్న, సూదికి భయపడ్తనా?"

ఇది రాస్తుంటే నా చెయ్యి ఎక్కడా ఆగలేదు.

కైలాసం


మస్కట్
27 ఫిబ్రవరి 1996

మామకు అంతయ్య శనార్తులు.

కోపంతోటి మూడు ఉత్తరాలు రాసిన. మూడు చింపిన. ఒకదాంట్ల నిన్ను, ఒకదాంట్ల లస్మిని, ఒకదాంట్ల శంకరిని తిట్టిన. ఇగ తిట్టెటందుకు ఎవ్వలు మిగల్లే.

మామా, నేను ఇక్కడ రక్తం ఇయ్యలేను. ఇక్కడ దొరికితే గదికి గూడ పోనియ్యరు, సీదా తీస్కపోయి విమానం ఎక్కిస్తరు. క్యాంపు మొత్తం ఎరుకైతది. గందుకే భయం. గందుకొక్కటే అని రాద్దమనుకున్న, చెయ్యి రాలే.

ఫిట్ కాయితం మెడికల్ నాటిది. మెడికల్ అయినంక వీసా వచ్చేదాక బొంబాయిల శానా దినాలు ఖాళీగ ఉంటిమి. ఇంతకన్న రాయను. నువ్వు అడుగకు. లస్మి అడిగితే నేనే చెప్పుకుంట.

గా డాక్టరమ్మ కోపం జేస్తదా? బయట అందరు కూసున్నప్పుడు పేరు పెట్టి గట్టిగ పిలుస్తరా? కాయితం ఎవ్వలకన్న చూపిస్తరా? శంకరిని అడుగు. నేనడిగిన్నని చెప్పకు. లేదు మామా, చెప్పు.

నిద్ర పడ్తలేదు.

నీ అల్లుడు
అంతయ్య


నిర్మల్
11 మార్చి 1996

అంతయ్యా,

నీ మీద నా కోపం పోలేదు. ఆ పిల్ల గడప బయట నిలబడి ఉన్నప్పుడు నీవు గడియ పెట్టినవాడివి. నీ ఉత్తరం చదివి జాలిపడబోయి మళ్లీ గుర్తు తెచ్చుకున్నాను. నీ రక్తంలో ఏదున్నా, లేకున్నా ఆ తప్పు తప్పే. ఎట్లా వచ్చిందని నేను అడగను. కొమురెల్లిని అడగలేదు, నిన్నూ అడగను.

ఆ ఉత్తరం మాత్రం లస్మవ్వకు చదివాను. ఇకనుంచి నీ ఉత్తరాలు ఆమెవే, నేను కళ్లజోడును మాత్రమే.

శంకరవ్వ దగ్గరికి పోయి నీవు అడిగినట్టే అడిగాను, నీవే అడిగావని చెప్పి. మొదట తల తిప్పుకున్నది. "గడప తొక్కొద్దన్నోనికి నేనెందుకు చెప్పాలె?" అన్నది. పొయ్యి మీద నీళ్లు పెట్టింది. తరువాత నా వైపు చూడకుండా చెప్పింది.

"డాక్టరమ్మ కోపం జెయ్యదు. బయట పేరు పిలువరు, నంబరు పిలుస్తరు. కాయితం మనకే ఇస్తరు. రక్తం తీసేటప్పుడు సూది దిక్కు చూడొద్దను, కిటికిల కెల్లి చూడుమను. నాది రెండోసారి పరీక్ష ఈ నెలాఖరుకే ఉన్నది. ఒక్కడే పోతె నడిమిట్ల బస్సు దిగి ఉరుకుతడు, చిన్నప్పటి సంది గంతే. నాతోటి రమ్మను."

కాబట్టి హైదరాబాదులో విమానం దిగి సరాసరి రా. నీవు, శంకరవ్వ, లస్మవ్వ ముగ్గురూ వరంగల్ పోతారు. లస్మవ్వ కూడా తన రక్తం ఇస్తుందట. నేను వెంట రావడం లేదు, నన్ను రావద్దన్నారు.

లస్మవ్వ చెప్పమన్నది ఇది. కాయితంలో ఏమున్నా అన్నం తానే పెడుతుందట, తన ఎదురుగానే కూర్చొని తినాలట. అదైతే ఆమె ఇచ్చిన మాట. కాయితం వచ్చేదాకా మాత్రం నీ మంచం వాకిట్లోనేనట. ఎండాకాలమే కదా, ఊరివాళ్లు అనుమానపడరు అన్నాను. "అనుమానపడనీ" అన్నది.

మంచానికి నులక వదులైంది. రేపు పోయి బిగించి వస్తాను.

కైలాసం